పంచమి నాటికి తిరువయ్యారు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మేం మాత్రం ఆ రాత్రే బయల్దేరాం, ఎందుకంటే త్యాగరాజస్వామి పోయిన తిథి, పుష్య బహుళ పంచమి, 2025లో జనవరి 18న పడింది, ఆ రోజు పొద్దున్నకి ఆయన సమాధి దగ్గర జరిగే ఆరాధనకి తంజావూరు పక్కనున్న తిరువయ్యారులో ఉండాలి. పండక్కొచ్చిన పిల్లలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు, అరిసెలు డబ్బాల్లోకి కూడా సర్దలేదు, అయినా పిన్ని చీరలు సర్దేసుకుని, కళ్ళజోడు, పాటల పుస్తకం చేతిసంచీలో పెట్టుకుని సాయంత్రం నాలుగింటికే మా గుమ్మంలో కూర్చుంది.

పిన్నికి డెబ్బై దాటాయి. బెజవాడలోనే పుట్టి పెరిగింది, పద్నాలుగో ఏట పంచరత్నాలు, అంటే నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో త్యాగయ్య రాసిన ఐదు పెద్ద కృతులు, పాఠం అయ్యాయి, అప్పట్నుంచి ఊళ్ళో జరిగే ఏ ఆరాధనా వదల్లేదు. తిరువయ్యారు మాత్రం రేడియోలో వినడం, తర్వాత టీవీలో చూడడం, అంతే. నేను వయొలిన్ పట్టుకుంది తొమ్మిదో ఏట. ఉద్యోగం వేరు, జీతం వేరు, కానీ సాయంత్రం ఆ గంటా కమాను పట్టుకోకపోతే ఆ రోజు ముగిసినట్టుండదు నాకు. ఇన్నేళ్ళలో ఎక్కువ భాగం పిన్ని పాటకి పక్కన కూర్చుని వాయించిందే, లేదా మా గురువుగారింట్లో ఆదివారాలు నలుగురైదుగురం కలిసి వాయించిందే. నా సంగీతం అంటే అదే, దానికంటే పెద్ద వేదిక కావాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ ప్రయాణం కూడా అందుకే, కొన్ని వందల మంది మధ్యలో కూర్చుని మేమిద్దరం అదే పాట పాడాలి, వాయించాలి.

తంజావూరు, జనవరి 16

దిగగానే టిఫిన్. రెండు ఇడ్లీ, ఒక వడ, పొంగల్, రెండు కాఫీలు కలిపి 170 రూపాయలయ్యింది. ఇత్తడి డబరా గ్లాసులో నురగతో ఇచ్చిన కాఫీ తాగి పిన్ని "ఇంకోటి చెప్పవే" అంది, ఇంట్లో ఆవిడ రోజుకి ఒక్క కాఫీ తాగే మనిషి. వడ్డించే పెద్దాయన నా భుజానికున్న వయొలిన్ పెట్టె చూసి "తిరువయ్యారా?" అని అడిగాడు. ఆ మూడు రోజులూ ఎక్కడికెళ్ళినా అదే ప్రశ్న. బస్సులో, కొట్లో, గుడి దగ్గర చెప్పులు పెట్టేచోట, పెట్టె చూడ్డం, తిరువయ్యారా అనడం, ఔనంటే కాస్త జరిగి చోటివ్వడం.

పెద్ద గుడికి, అంటే బృహదీశ్వరాలయానికి, ఎండెక్కక ముందే వెళ్ళాం. రాజరాజచోళుడు 1010లో పూర్తి చేయించిన గుడి, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది గానీ, గోడల మీద ఆ శాసనాలున్నాయి చూడండి, వాటి దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాం. గుడిలో ఆడడానికీ పాడడానికీ 400 మంది ఆడవాళ్ళని రకరకాల ఊళ్ళ నించి రప్పించి, వాళ్ళకి వరసగా ఇళ్ళు కట్టించి, ఒక్కొక్కళ్ళ పేరు, ఏ వీధి, ఎన్నో ఇల్లు అనేది కూడా రాతి మీద చెక్కించాడు. వాయించేవాళ్ళ లెక్కా ఉంది. రాజుల పేర్లు శాసనాల్లో ఉండడం మామూలే, పాడేవాళ్ళ ఇంటి అడ్రసు వెయ్యేళ్ళు నిలబడడం నేనింకెక్కడా వినలేదు. మాకు అరవ లిపి రాదు కాబట్టి ఆ అక్షరాల్లో ఎవరి పేరెక్కడుందో తెలీదు, అయినా పిన్ని చేత్తో తడిమి దణ్ణం పెట్టుకుంది.

తర్వాత వీణలు చేసేచోటికి తీసుకెళ్ళమని ఆటో మాట్లాడుకున్నాం, 150. అతను నేరుగా ఒక పెద్ద షోరూంకి తీసుకెళ్ళి దింపాడు, లోపల అన్నీ గాజు పెట్టెల్లో పెట్టే బుల్లి వీణలు, తంజావూరు బొమ్మలు, పటాలు. కొట్టతను చాలా మర్యాదస్తుడు, మేం కొనేవాళ్ళం కాదని తెలిసి కూడా కుర్చీలు వేసి మంచినీళ్ళిచ్చి, ఒక కుర్రాణ్ణి తోడిచ్చి వెనక సందులో నిజంగా పని జరిగే ఇంటికి పంపించాడు. ఆ సందు కనీసం రెండుసార్లు తప్పాం, ఒకసారి ఎవరి పెరట్లోకో వెళ్ళిపోతే అక్కడ కళ్ళాపి చల్లుతున్నావిడ నవ్వి దారి చూపించింది.

ఆ ఇంటి వసారాలోకి అడుగు పెట్టగానే పనస చెక్క వాసన. పణ్రుట్టి వైపు నించి తెప్పిస్తారట దుంగలు. ఒక మూల సగం తొలిచిన వీణ కుండ, ఇంకో మూల వీణ చివర ఉండే యాళి మృగం తల చెక్కడం అయిపోయి రంగుకి ఎదురుచూస్తోంది. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసినట్టే ఇక్కడా మొత్తం వీణ ఒకే దుంగలో తొలిచే పద్ధతి ఉంది, దానికి ధర ఎక్కువ, అతుకుల వీణకి తక్కువ. పెద్దాయన అప్పుడు మెట్లు అమరుస్తున్నాడు. తేనెమైనం నల్లపొడితో కలిపిన ముద్దని వేడి చేసి దండి మీద రెండు వైపులా గట్టులా పరిచి, దాని మీద 24 ఇత్తడి మెట్లు ఒక్కోటీ నొక్కి, తీగ మీటి విని, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ మీటి వినడం. ఈ 24 మెట్ల అమరిక రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 17వ శతాబ్దం మొదట్లో, ఈ ఊళ్ళోనే స్థిరపడిందని అంటారు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు, తనే వీణ వాయించేవాడు.

పక్కన ఒక చిన్న శృతి మిషను ఉంది గానీ ఆయన దాన్ని వాడట్లేదు. పిన్ని పాడుతుందని నేను చెప్పగానే "అమ్మా, ఒక గాంధారం పట్టండి, శంకరాభరణం" అన్నాడు సైగలతో కొంతా మాటలతో కొంతా. పిన్ని అక్కడే గడప మీద కూర్చుని గాంధారం, అంటే ఆ రాగంలో గ స్వరం, పట్టింది. ఆయన మెట్టు జరిపాడు. కల్యాణి రాగంలో మధ్యమం, అంటే మ, పట్టమన్నాడు, ఆ మెట్టూ జరిపాడు. అలా అరగంట పైన, ఆవిడ పాడడం ఆయన జరపడం, మధ్యలో ఇద్దరూ ఒకే తేడాకి ఒకేసారి తలూపడం, ఒకరి భాష ఒకరికి రాదు. ఆ వీణ ఎవరింటికి వెళ్తుందో తెలీదు గానీ దాని మెట్లలో పిన్ని గొంతుంది. లేచేటప్పుడు ఆయన భార్య పసుపు కుంకుమ, రెండు అరటిపళ్ళు పెట్టి పంపింది.

సాయంత్రం పడమటి వీధిలో తంజావూరు సోదరుల ఇల్లు బయట నించి చూశాం. చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు. భరతనాట్యం నేర్చుకున్న ప్రతి పిల్లా వాళ్ళ పేరు విని ఉంటుంది, నాకు మాత్రం ఆఖరి తమ్ముడు వడివేలు ముఖ్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో తెల్లవాళ్ళ దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చిన ఆ తొలి రోజుల్లోనే వడివేలు కూడా దాన్ని పట్టుకున్నాడు, 1834లో తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ ఆయనకి దంతపు వయొలిన్ బహూకరించాడు. అంతకుముందు మన సంగీతంలో ఎవరికీ అలవాటు లేని వాయిద్యం అది. ఇవాళ కర్ణాటక కచేరీలో అది లేకపోతే వెలితి. బాసింపట్టు వేసుకుని, తల భాగాన్ని కుడి పాదం మీద ఆనించి, గొంతు ఎటు వంగితే అటు వంగేలా దాన్ని మార్చుకుంది వీళ్ళే. ఆ వీధిలో నిలబడి నా పెట్టె మీద చెయ్యి వేసి ఉంచుకున్నాను కాసేపు.

నరసింగంపేట, జనవరి 17 పగలు

ఇది పిన్ని పట్టుబట్టిన మజిలీ. కుంభకోణం దాకా ఒక బస్సు, అక్కణ్ణించి మాయవరం వైపు వెళ్ళేది ఇంకో బస్సు. టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు అక్కడ, కండక్టరు సున్నా టికెట్ చింపి ఇచ్చాడు, పిన్ని దాన్ని మడిచి పాటల పుస్తకంలో పెట్టుకుంది. పక్క సీటావిడ "నాదస్వరం ఊరే కదా, ఇక్కడే దిగండి" అని ఆడుదురైలో దింపేసింది, తీరా చూస్తే ఇంకా ముందుకెళ్ళాలి, అక్కణ్ణించి ఆటోకి 120. ఏం ఫరవాలేదు, ఆడుదురై బస్టాండు దగ్గర వేడి వేడి అరటికాయ బజ్జీలు తిన్నాం, నాలుగు 40.

నరసింగంపేట చిన్న ఊరు. నాదస్వరాలు చేసే కుటుంబాలు ఇక్కడున్నాయి, 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆచా చెక్కతో చేస్తారు, అదీ కొత్త చెక్క కాదు, పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, వాసాలు కొనుక్కొచ్చి ఇంకా కొన్నేళ్ళు ఆరబెట్టి అప్పుడు మొదలుపెడతారు. పచ్చి చెక్క అయితే తొలిచాక పగులుతుంది, నాదం కూడా నిలవదు. ఎవరో పుట్టి పెరిగి కాపరాలు చేసిన ఇంటి దూలం చివరికి పెళ్ళిపందిట్లో మోగుతుంది. పెద్ద నాదస్వర విద్వాంసుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై గారికి శృతి తగ్గించి పొడుగు నాదస్వరం చేసిచ్చింది ఈ ఊరి రంగనాథన్ ఆచారిగారే, శుద్ధ మధ్యమం తేలిగ్గా సరిగ్గా పలకాలని బెజ్జాలు మళ్ళీ లెక్క కట్టారట. ఇవాళ అందరూ వాయించేది ఆ రకమే.

మేం వెళ్ళేసరికి ఒక కుర్రాడు కొత్త నాదస్వరం తీసుకోవడానికొచ్చి పరీక్షిస్తున్నాడు. నాదస్వరం కొసకి పెట్టి ఊదే పీకని నోట్లో తడుపుకున్నాడు, నాలుగైదు పీకలు మార్చాడు, ఆరుబయట కొబ్బరిచెట్టు కింద నిలబడి కల్యాణి ఎత్తుకున్నాడు. పది అడుగుల దూరంలో ఉన్నాం మేం. నాదస్వరం రికార్డులు నా దగ్గర బోలెడున్నాయి, మంచి స్పీకర్లూ ఉన్నాయి, కానీ రికార్డులో ఆ వాయిద్యాన్ని గదికి సరిపడా కుదించేస్తారు. ఎదురుగా విన్నప్పుడు అది చెవికి మాత్రమే తగలదు, గుండెల మీద, నేల మీద కూర్చుంటే తొడల కింద, తగుల్తుంది. గుడి ముందు నడుస్తూ ఊరంతటికీ వినిపించాలని పుట్టిన వాయిద్యం. అతను తారస్థాయి షడ్జం, అంటే పై స, మీద నిలబడి ఊపిరి సాగదీసినప్పుడు పక్కింటి ముసలావిడ బియ్యం చేట పక్కన పెట్టేసి బయటికొచ్చింది.

పిన్ని ఏడుస్తోంది. తర్వాత చెప్పింది, చిన్నప్పుడు బెజవాడలో షేక్ చినమౌలానా గారి సన్నాయి విన్నానని, వాళ్ళ నాన్న భుజాల మీద కూర్చుని. ఆయనది మన ప్రకాశం జిల్లా కరవది, తంజావూరు బాణీ మీద మోజుతో ఇక్కడికొచ్చి నేర్చుకుని చివరికి శ్రీరంగంలోనే స్థిరపడిపోయారు. ఆ కుర్రాడికి ఆయన పేరు చెబితే చెవులు పట్టుకుని దణ్ణం పెట్టాడు. డోలు లేదు, తాళం లేదు, పిన్ని చేత్తో తాళం వేస్తుంటే ఇంకో పావుగంట వాయించాడు, మాకోసమే.

మధ్యాహ్నం కుంభకోణంలో ఆకు భోజనం 120. మోర్ కుళంబు మన మజ్జిగపులుసు లాగే గానీ కొబ్బరి ఎక్కువ, బూడిదగుమ్మడి ముక్కలు మెత్తగా ఉన్నాయి. మారు అడక్కపోతే వాళ్ళు బాధపడతారు, అడిగితే ఇంకో గరిటె వేసి అక్కడే నిలబడి తినేదాకా చూస్తారు.

తిరువయ్యారు, జనవరి 17 సాయంత్రం

తంజావూరుకి 13 కిలోమీటర్లు. ఊళ్ళోకి రాగానే అశోకా హల్వా కొట్టు దగ్గర గుంపు. పెసరపప్పుతో చేస్తారు, ఎర్రగా, నెయ్యి కారుతూ, చెంచా పెడితే జారిపోయేంత మెత్తగా ఉంటుంది. కాగితంలో పెట్టిచ్చింది నిలబడే తినేశాం, ఇంటికి పావుకిలోలు నాలుగు కట్టించాం. బస ఒక ఇంట్లో, ముందు గది మాకిచ్చారు, రాత్రికి 800. ఆ ఇంటావిడ ఏటా ఈ ఐదు రోజులూ గది ఎవరో ఒకరికి ఇస్తుందట, పాడేవాళ్ళయితే పొద్దున్న వేణ్ణీళ్ళు ముందు వాళ్ళకే.

కావేరి ఒడ్డున పెద్ద పందిరి. లోపల రెండు వేదికలు పక్కపక్కనే, ఒకదాని మీద కచేరీ జరుగుతుంటే రెండోదాని మీద తర్వాతి వాళ్ళు శృతి చూసుకుంటుంటారు, ఇక్కడ మంగళం అవగానే అక్కడ మొదలు. పొద్దుణ్ణించి అర్ధరాత్రి దగ్గరయ్యేదాకా అలాగే. ఒక్కొక్కళ్ళకి దొరికేది కొద్ది నిమిషాలు, ఒక కృతి, మహా అయితే రెండు, ఎంతటి విద్వాంసుడైనా అంతే, డబ్బులివ్వరు, తీసుకోరు. బయట మూడు గంటల కచేరీ చేసే మనిషి ఇక్కడ ఒక్క కృతికోసం నేల మీద తన వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడు, పక్కన తొలిసారి వచ్చిన ఇంటర్ పిల్ల వణికే చేతుల్తో తంబురా పట్టుకుని కూర్చుని ఉంటుంది. నాకు అన్నిటికంటే అది నచ్చింది. రాత్రి ఒకాయన, పేరు పట్టుకోలేకపోయాను, ఖరహరప్రియ రాగంలో ఒక కృతి పాడి, ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నిరవల్ దగ్గర పక్కన మృదంగం ఆయన వైపు తిరిగి చిన్నగా నవ్వాడు, ఆ మృదంగం ఆయన ఎడమ మూత మీద అరచేత్తో ఒక్క గుంకీ వేశాడు, ఆ ఒక్కదానికి పందిరంతా ఆహా అంది. ఆ నిమిషానికి అక్కడున్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అది లేదు.

పందిరి అవతల త్యాగయ్య సమాధి. దానికెదురుగా చేతులు జోడించి కూర్చున్న బెంగుళూరు నాగరత్నమ్మ గారి విగ్రహం. పిన్ని ముందు త్యాగయ్య దగ్గరికి కాదు, ఆవిడ దగ్గరికి వెళ్ళింది. దేవదాసీ కుటుంబంలో పుట్టి, పాటతో సంపాదించుకున్న నగలూ ఇల్లూ అమ్మి పాడుబడ్డ ఈ సమాధి చుట్టూ ఉన్న నేల కొని, గుడి కట్టించింది. తంజావూరు ఆస్థానంలోని కవయిత్రి ముద్దుపళని తెలుగు కావ్యం రాధికాసాంత్వనాన్ని 1910లో పూర్తిగా మళ్ళీ అచ్చు వేయించినావిడ కూడా ఈవిడే, అందులో శృంగారం మితిమీరిందని పెద్ద గొడవే జరిగింది. తను గుడి కట్టించిన చోటే ఆడవాళ్ళని పాడనిచ్చేవాళ్ళు కాదు. 1920ల చివర్లో ఆవిడ ఆడవాళ్ళని కూడగట్టి సమాధికి వెనకవైపు కూర్చోబెట్టి వేరే ఆరాధన నడిపించింది. 1940 ప్రాంతంలో వేర్వేరుగా ఆరాధన జరిపే వర్గాలన్నీ కలిశాయి, ఆడామగా ఒకేచోట కూర్చుని పంచరత్నాలు పాడడం అప్పట్నుంచి పాదుకుంది. ఆవిడ 1952లో పోయింది. పిన్ని విగ్రహం ముందు ఒక మూర మల్లెపూలు పెట్టి (మూర 50, పండగ రేటు) "రేపు ముందు వరసలో కూర్చుంటామమ్మా" అని తెలుగులో చెప్పింది.

తిరువయ్యారు, జనవరి 18, పంచమి

నాలుగున్నరకి లేచాం. మంచు, నది మీద ఏమీ కనపడట్లేదు, మెట్ల దగ్గర నీళ్ళు తాకి తల మీద చల్లుకున్నాం, స్నానం ఇంట్లోనే వేణ్ణీళ్ళతో. తిరుమంజన వీధిలో త్యాగరాజస్వామి ఇంటి దగ్గర్నించి ఉంఛవృత్తి బయల్దేరుతుంది, ఆయన రోజూ అలా వీధుల్లో పాడుకుంటూ బియ్యం తెచ్చుకునేవారు కదా, అదే తీరున భజన చేసుకుంటూ సమాధి దాకా నడుస్తారు. ఇళ్ళ ముందు ముగ్గులేసి బియ్యం పట్టుకుని నిలబడ్డారు జనం. మేం కొంచెం దూరం నడిచి, చోటు దొరకదేమోనన్న భయంతో ముందుగా వచ్చేశాం.

ఏడుకే సగం నిండింది. మధ్యలో దారి వదిలి ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు. వయొలిన్లు, మృదంగాలు, ఘటాలు, కంజీరలు, వీణలు కూడా ఒకటీ అరా. వయొలిన్ పట్టుకున్నానని చూసి ఒకావిడ తన చాప సగం ఇచ్చింది. సేలంలో లెక్కల టీచరట, ఇరవయ్యేళ్ళుగా వస్తోంది. ఆవిడ పుస్తకం అరవంలో ఉంది, క మీద 1, 2, 3, 4 అని అంకెలు, ఏది క ఏది గ ఏది ఘ అని తెలియడానికి. మా ఇంట్లో మాట్లాడే భాషని ఆవిడ అంకెలు చూసుకుంటూ, ఒక్క ఒత్తు పోకుండా, మనసు పెట్టి కంఠస్థం చేసింది. చుట్టూ ఉన్న వందల మందిలో తెలుగు రానివాళ్ళే ఎక్కువ, అందరూ ఇలాగే నేర్చుకున్నారు.

పంచరత్నాల్లో మూడోది, ఆరభి దగ్గర పిన్నికీ ఆవిడకీ చిన్న చర్చ. పిన్ని పాఠం వేరు. త్యాగయ్యగారి శిష్యుడు, బంధువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు నేర్చుకున్నారు, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారి దగ్గర బెజవాడలో బాలమురళి, అన్నవరపు రామస్వామి గారు, ఇంకా ఎందరో. పిన్ని గురువు ఆ చెట్టు కొమ్మే. సేలం ఆవిడది త్యాగయ్యగారి ఉమయాళ్‌పురం శిష్యుల వైపు నించి వచ్చిన పాఠం. ఒక సంగతి (ఒకే పంక్తిని కాస్త మార్చి పాడే తీరు) దగ్గర ఒకరి చెవి దగ్గర ఒకరు పాడి చూసుకున్నారు, నేను వయొలిన్ మీద రెండూ వాయించాను. "మీదీ బాగుంది" అంది పిన్ని. ఆవిడ నోట ఆ మాట నేను చాలా అరుదుగా విన్నాను.

తొమ్మిది కాబోతుండగా నాదస్వరం ఆగింది, ఫ్లూటు వాళ్ళు భైరవి ఎత్తుకున్నారు, ఆ తర్వాత సౌరాష్ట్ర రాగంలో వినాయకుడి పాట, ఇక పంచరత్నాల్లో మొదటిది, నాట. మొదలవగానే నా వయొలిన్ నాకు వినపడ్డం మానేసింది. చేతికి మాత్రం తెలుస్తోంది, చుబుకం కింద కాదు కదా మనం పెట్టుకునేది, ఛాతీకి ఆనుకుని ఉంటుంది, అక్కడ అదురు తెలుస్తోంది, శబ్దం మాత్రం అందరిదీ. ఎవరి గొంతు ఎవరిదో తెలీదు. ఇంట్లో ఒంటరిగా సాధన చేసేటప్పుడు నా ప్రతి స్వరం మీదా నాకో కన్నుంటుంది, ఇక్కడ ఆ కన్ను అక్కర్లేదు, చుట్టూ ఉన్నవాళ్ళు మోసుకుపోతారు. నాట సంస్కృతం, రాముడి 108 పేర్లు, తర్వాత నాలుగూ తెలుగు. గౌళలో తనని తాను నిందించుకునే ఆ చరణాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే ముందు వరసలో ఒక పెద్ద విద్వాంసుడు, మైకు ముందున్నాయన, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

వరాళి వచ్చింది. ఈ రాగం గురువు శిష్యుడికి నేరుగా నేర్పకూడదని, నేర్పితే ఇద్దరికీ పడదని పాత నమ్మకం. మా గురువుగారు అది తూచా తప్పకుండా పాటించేవారు. నాకు పదహారేళ్ళప్పుడు, ఆయన లోపలి గదిలో కూర్చుని తలుపు దగ్గరగా వేసుకుని తనకోసం వాయించుకున్నట్టు వరాళి వాయించేవారు, నేను వసారాలో కూర్చుని వినాలి, తర్వాత ఏమీ అడక్కూడదు. రోజూ అదే వేళకి, నెల పైగా. తప్పు వాయిస్తే దిద్దేవారు కాదు, మర్నాడు ఆ చోటు మాత్రం లోపల్నించి రెండుసార్లు వినిపించేది. నా జీవితంలో నేను అంత శ్రద్ధగా ఇంకేదీ వినలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయ్యింది. పంచమి పొద్దున్న కావేరి ఒడ్డున ఇంతమంది ఒకేసారి ఆ మధ్యమం పట్టేసరికి నా కమాను ఆగిపోయింది, ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు తిరిగేదాకా, వాయించలేకపోయాను, సేలం ఆవిడ తాళం వేస్తున్న చెయ్యి నా మోకాలి మీద వేసి అలాగే తాళం కొనసాగించింది, దాన్ని పట్టుకుని మళ్ళీ అందుకున్నాను.

శ్రీరాగం అయ్యేసరికి ఎండ పందిరి సందుల్లోంచి పడుతోంది. మంగళం, హారతి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టడానికి శ్రోతలంటూ వేరే ఎవరున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కి పిన్ని లేవలేకపోతే ఇద్దరు కుర్రాళ్ళు, మృదంగం వాళ్ళు, చెరో చెయ్యి పట్టుకుని లేపారు. "పాట్టీ (అమ్మమ్మా), గొంతు బావుంది" అన్నాడొకడు. "వినపడిందా నీకు!" అంది పిన్ని ఆశ్చర్యంగా. వాడు ఆవిడ వెనకే కూర్చున్నాడట, రెండు పాఠాల తేడా వచ్చినచోట ఆవిడ గొంతు గుర్తుపట్టాడట.

మధ్యాహ్నం అన్నదానంలో సాంబారన్నం, పెరుగన్నం, ఆవకాయ కాదు నిమ్మకాయ. సాయంత్రం మళ్ళీ పందిట్లోనే, పది దాటేదాకా.

తిరువారూరు, జనవరి 19

రైలుకి ముందు ఒక పూట ఉంది. సంగీత త్రిమూర్తులు ముగ్గురూ పుట్టిన ఊరు, శ్యామశాస్త్రి 1762లో, త్యాగయ్య 1767లో, దీక్షితులు 1775లో, పదమూడేళ్ళ వ్యవధిలో ఒక్క ఊళ్ళో. గుడి ముందు కమలాలయం కోనేరు చూస్తే కోనేరంటే ఇంతుంటుందా అనిపించింది. పిన్నికి కావలసింది పంచముఖ వాద్యం, ఐదు మూతలున్న పెద్ద కంచు డోలు, దాన్ని వాయించడం మేం వినలేకపోయాం, ఆ వేళకి లేదన్నారు. కోనేటి గట్టున టీ కొట్టులో రెండు టీలు, 30.

రైల్లో మా పెట్టెలో తిరువయ్యారు నించి వస్తున్నవాళ్ళు ఇంకో ఇద్దరు తగిలారు, నెల్లూరు తల్లీ కొడుకు, కొడుకు కంజీర వాయిస్తాడు. చీకటి పడ్డాక, దీపాలార్పేదాకా, మెల్లగా పాడుకున్నాం. పై బెర్తులో ఉన్న సైనికుడు దిగి వచ్చి కింద కూర్చున్నాడు, ఏదైనా హిందోళం పాడండి అన్నాడు.

ఇంటికొచ్చి రెండు రోజులయ్యింది, హల్వా అయిపోయింది. పొద్దున్న పిన్ని ఫోన్ చేసింది. సేలం ఆవిడ ఆరభి సంగతి తనకి పూర్తిగా పట్టుబడ్డట్టే ఉంది గానీ చివర్లో ఒక్కచోట జారుతోందట, ఫోన్లో పాడి వినిపించింది, నేను వంటింట్లోంచే దిద్దాను.

"ఇలా కాదు గానీ ఆదివారం వయొలిన్ తీసుకుని రా, మృదంగం అబ్బాయికి నేను చెప్తాను. పెసరట్లు వేస్తాను, ఎనిమిదింటికల్లా ఉండాలి."